దామరచర్ల పెద్దాయన, భూమి కాగితాల చరిత్ర

దామరచర్ల చుట్టుపక్కల భూమి కొనదలచినవారు చాలాకాలంపాటు ముందుగా ఒక ఇంటి గడప త్రొక్కి, ఆ తరువాతనే మిర్యాలగూడ రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లు ఎక్కేవారు. ఆ ఇంటి పెద్దాయన కాలం చేశారు. వయస్సు ఎనభై అయిదు దాటినది. తన పేరు అచ్చులో కనబడడం ఆయనకు గిట్టదు గనుక ఇక్కడా వ్రాయడం లేదు. ఆయనను ఎరిగినవారికి పేరుతో పని లేదు, ఎరుగనివారికి అసలే లేదు.

ఆయన మధ్యవర్తి కాడు. కమీషను పుచ్చుకోలేదు. తన సొమ్ముతో తాను కొనేవాడు, అమ్మేవాడు, ఆ విద్యను అడిగినవారికి చెప్పేవాడు. బడిపంతుళ్ళు, మిర్యాలగూడ రైసుమిల్లుల వారి కొడుకులు, లారీ యజమానులు, ఆ తరువాత హైదరాబాదు నుంచి శనివారాలు కారేసుకొని వచ్చే సాఫ్టువేరు పిల్లలు, అందరూ ఆయనకు శిష్యులే. ఇప్పటివారి భాషలో రియల్ ఎస్టేట్ మెంటర్ అనాలేమో. ఆ మాట వింటే ఆయన ముక్కుపొడుము డబ్బీ తీసి నవ్వేవాడు. ఆయన చెప్పినది నిజానికి చరిత్ర తప్ప మరేమీ కాదు. చరిత్ర చదివి పరీక్షలు వ్రాసినవారిని చూశాను, పుస్తకాలు వ్రాసినవారిని చూశాను గాని, చరిత్ర చదివి భూమి కొన్న మనిషిని ఆయననొక్కడినే చూశాను. అందువల్ల ఈ వ్యాసం సగం ఆయన గురించి, సగం ఆయన చదివించిన కాగితాల గురించి.

దామరచర్ల తెలంగాణకు ఒక చివర. ఇంకొంచెం దక్షిణంగా పోతే వాడపల్లి. అక్కడ మూసీ కృష్ణలో కలుస్తుంది, అగస్త్యేశ్వరుడూ లక్ష్మీనరసింహుడూ ఆ సంగమం దగ్గర ఉన్నారు. వంతెన దాటితే పల్నాడు. ఊరి పేరులో తామర ఉన్నదని, చెరువు ఉన్నదని నా ఊహ. తామరలు మాత్రం నేను చూడలేదు. ఏటి ఒడ్డున కొంత నల్లరేగడి ఉన్నది. తక్కినదంతా సున్నపురాయి పలకల మీద పలుచగా పరచినట్లుండే నేల, ముళ్ళ అడవి, లంబాడా తండాలు. ఇటువంటి నేలకు ధర ఎందుకు వచ్చింది, ఎన్ని మారులు వచ్చి పోయింది అన్నదే పెద్దాయన చెప్పే మొదటి పాఠం.

ఆ పాఠం సాలార్ జంగుతో మొదలయ్యేది. మొదటి సాలార్ జంగు 1853లో నిజాముకు దివాను అయ్యే నాటికి శిస్తు వసూలు గుత్తేదార్ల చేతిలో ఉన్నది. ఎవడు ఎక్కువకు పాడితే వాడిదే తాలూకా. సాలార్ జంగు 1865లో జిలాబందీ అమలు చేసి జిల్లాలను ఏర్పరచాడు, జీతగాళ్ళయిన అధికారులను పెట్టాడు. ఆపైన బొంబాయి పద్ధతిలో సర్వే, బందోబస్తు మొదలైనవి. గొలుసుతో కొలిచి, ప్రతి తుండుకూ నెంబరు ఇచ్చి, కొలతల పటాన్ని టిప్పన్ అన్నారు. ఆ నెంబర్లన్నీ ఒకచోట వ్రాసిన మూల పట్టిక సేత్వారు. నలభై గుంటలు ఎకరం, గుంటకు నూట ఇరవై ఒక్క గజాలు. ఈ లెక్క నాటిదే. 1317 ఫసలీ భూమి శిస్తు చట్టం దీనికంతటికీ వెన్నెముక. ఫసలీకి 590 కలుపుకుంటే సుమారుగా మన సంవత్సరం వస్తుంది, అంటే 1907. ఆ కూడిక రానివాడికి పెద్దాయన రెండవ పాఠం చెప్పేవాడు కాడు.

సేత్వారు ఉర్దూలో ఉంటుంది. పోలీసు చర్యకు ముందు సర్కారు బడిలో చదివిన రెండు మూడు తరగతుల ఉర్దూయే ఆయన పెట్టుబడి. ఆ లిపి చదవగలిగినవారు ఏటేటా తగ్గిపోతుంటే ఆయన విలువ ఏటేటా పెరిగింది. ఈ సంగతి ఆయనే చెప్పి నవ్వేవాడు.

సర్వే వచ్చినప్పుడు జరిగినదేమిటో ఆయన వివరించే తీరు నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. నేల దున్నేవాడికి సర్వే అంటే కొత్త శిస్తు. తన పేరు వ్రాయించుకుంటే శిస్తు మీద పడుతుందని భయపడ్డాడు. వ్రాత వచ్చిన దేశముఖుకు, దేశపాండ్యాకు, పట్వారీకి మాత్రం సర్వే అంటే పట్టా. బంజరు, ఊరుమ్మడి మేత భూమి, దున్నేవాడి భూమి కూడా కొన్నిచోట్ల వారి పేర్ల మీదికి ఎక్కినవి. నల్లగొండ జిల్లాలో మొట్టమొదటి రియల్ ఎస్టేటు వ్యాపారం ఇదేనని ఆయన అనేవాడు. ఏమి వ్రాయబోతున్నారో ముందే తెలిసినవాడు ముందే కొంటాడు, కొన్నిసార్లు కొననక్కరలేకుండానే కొంటాడు. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య వ్రాశారు. అంత భూమి ఒక మనిషి కాలినడకన చూడడానికే ఒక జన్మ పడుతుంది.

దానికి జవాబుగా వచ్చిన సాయుధ పోరాటం గురించి చదువరులకు నేను చెప్పవలసినది లేదు. 1946 నుంచి 1951 వరకు సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు దానికి నడిబొడ్డు. సుమారు మూడు వేల గ్రామాలలో పది లక్షల ఎకరాలు పంచామని ఆ నాయకులు చెప్పారు. పెద్దాయన రాజకీయాలు ఎటువో ఎవరికీ తెలియదు. కాని ఆ పంపకం గురించి ఒక ప్రశ్న మాత్రం అడిగేవాడు: ఆ పది లక్షల ఎకరాలలో కాగితం మీదికి ఎక్కినవి ఎన్ని? పంచినప్పుడు రికార్డు రజాకార్ల రాజ్యంలో ఉన్నది, తరువాత మిలటరీ గవర్నరు రాజ్యంలో ఉన్నది. దొర ఊరికి తిరిగి వచ్చినప్పుడు అతని చేతిలో కాగితం ఉన్నది, రైతు చేతిలో నాగలి ఉన్నది.

అయితే ఆ పోరాటం వట్టిపోలేదని చూపడానికి ఆయన తీసే కాగితం వేరే ఉండేది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయినవి. 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. కౌలుకు దున్నుతున్నవాడికి రక్షిత కౌలుదారు అనే హోదా వచ్చింది. ఊరూరా విచారణ జరిపి 1954–55లో ఖాస్రా పహాణీ వ్రాశారు. ఆ పహాణీని ఆయన రామాయణంలాగ ఒళ్ళో పెట్టుకొని చదివేవాడు. పట్టాదారు ఎవరు, కబ్జాలో ఎవరున్నారు, ఏ హక్కు మీద ఉన్నారు అనే గడులు అందులో విడివిడిగా ఉంటాయి. భూమి ఒకరిది, చెమట మరొకరిది అని సర్కారు మొదటిసారి ఒకే పుటలో ఒప్పుకొన్న పుస్తకం అది. రక్షిత కౌలుదారును యజమానిని చేసే 38–ఇ సెక్షను తెలంగాణలో ఎక్కువ జిల్లాలకు 1973 జనవరి 1 నుంచి వర్తించింది. పట్టాదారు దగ్గర కొన్నవాడికి ఎన్నో యేళ్ళ తరువాత ఒక ముసలమ్మ వచ్చి 38–ఇ సర్టిఫికెట్టు చూపిస్తే, కొన్నవాడి రిజిస్టరు దస్తావేజు చిత్తుకాగితంతో సమానం కావచ్చు. ముప్పై యేళ్ళ ఈసీ తీసి చేతులు దులుపుకొనే శిష్యులను ఆయన కసిరేది ఇందుకే. ఈసీ రిజిస్టరు అయినదే చెబుతుంది. తెలంగాణ పల్లెల్లో జరిగినదాంట్లో రిజిస్టరు కానిదే ఎక్కువ.

పోచంపల్లి కథ కూడా ఆయనకు పాఠమే. 1951 ఏప్రిల్ 18న వినోబా అక్కడ హరిజనుల గోడు విన్నప్పుడు వారు ఎనభై ఎకరాలు అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నాడు. దాన్నుంచి దేశమంతా పాకిన ఉద్యమం పుట్టింది, 1965లో మన రాష్ట్రంలో భూదాన చట్టం వచ్చింది. ఆ భూములు అమ్మరాదు, కొనరాదు. హైదరాబాదు పెరిగిన తరువాత అటువంటి భూముల మీద వెంచర్లు వేసి ప్లాట్లు అమ్మినవారి వార్తలు పత్రికల్లో చదివి, దానం ఇచ్చిన కాగితాన్ని కూడా చదవని కాలం వచ్చిందని ఆయన నొచ్చుకొనేవాడు.

ఇక నాగార్జునసాగరం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలింది. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ దారిన ఖమ్మం వైపు సాగింది. జొన్నలు, ఆముదాలు పండిన చేలు వరిమళ్ళు అయినవి. మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరయింది. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి, డెల్టాలో ఒక ఎకరం అమ్మిన డబ్బుతో ఇక్కడ కొన్ని ఎకరాలు కొని, పొలాల్లోనే క్యాంపులు వేసుకొన్నారు. ఈ నాటికీ ఊరి పేరు చివర క్యాంపు అన్న మాట తగిలించుకొన్న పల్లెలు ఆ వలసకు గుర్తులు. నీటి వాటా న్యాయంగా రావడానికి ఈ ప్రాంతంలో జరిగిన ఆందోళనల్లో మిర్యాలగూడ నుంచి 1971, 1984, 1991లలో లోకసభకు వెళ్ళిన భీమిరెడ్డి నరసింహారెడ్డి పేరును తలవకుండా ఉండలేము. సాయుధ పోరాటంలో తుపాకి పట్టినవాడు కాలువ కోసం కాగితాలు పట్టుకొని ఢిల్లీ తిరిగాడు. 2008లో పోయాడు.

ఆ వలసకాలపు అమ్మకాలు చాలావరకు సాదాబైనామాలే. తెల్లకాగితం, ఇద్దరు సాక్షులు, ఒక రెవిన్యూ బిళ్ళ. నూరు రూపాయలు దాటిన స్థిరాస్తిని రిజిస్టరు చేయించాలని 1908 చట్టం చెప్పినా పల్లెలో మాటే దస్తావేజు. పెద్దాయన యువకుడిగా చూసినది ఈ కాలాన్నే. తనకు కలిసివచ్చిన భూములన్నీ ఆయన కాలువ నక్షా చూసి కొనలేదు, వాన కురిసిన మరునాడు నీరు ఎటు పారిందో నడిచి చూసి కొన్నాడు. నక్షాలో గీత అందరికీ కనబడుతుంది గనుక దాని ధర అప్పటికే పెరిగి ఉంటుంది, వాలు మాత్రం నడిచినవాడికే కనబడుతుంది. దామరచర్ల వైపు కొన్ని ఊళ్ళకు కాలువ నీరు అందింది, కొన్నిటికి ఎత్తిపోతలు తప్ప దారి లేకపోయింది. ఆ తేడాలోనే ఆయన సంసారం నిలబడింది.

తరువాత సిమెంటు. ఎవ్వరూ కన్నెత్తి చూడని సున్నపురాయి నేలకు దానివల్ల ధర వచ్చింది. విష్ణుపురంలో బి.వి.రాజు స్థాపించిన రాశి సిమెంటు, గణేశపహాడులో పెన్నా సిమెంటు, బీబీనగర్–నడికుడి రైలుమార్గం, ఇవన్నీ వరుసగా వచ్చినవి. 1998లో రాశి సిమెంటును ఇండియా సిమెంట్స్ వాటాల కొనుగోలుతో చేజిక్కించుకొన్నప్పుడు దేశంలోని ఆర్థిక పత్రికలన్నీ వ్రాసినవి. మా పెద్దాయన ఆ కథను వేరేగా చెప్పుకొన్నాడు. మద్రాసులో కూర్చున్నవాడు వాడపల్లి రాయిని చూడకుండానే కొనగలిగాడంటే భూమిని కాగితంగా మార్చే విద్య ఎంత దూరం పోయిందో చూడమన్నాడు. ఫ్యాక్టరీ తన భూమిని ఒకసారే కొంటుంది. పక్కభూమికి ధర ఆ వార్తతో పెరుగుతుంది, దుమ్ముతో తగ్గుతుంది. ఈ ఒక్క ముక్క విని ఉంటే చాలామంది బాగుపడేవారు.

ఇంతవరకు ఆయన చతురత. ఇక్కడినుంచి ఆయనను నేను గౌరవించిన కారణం చెప్పాలి, గౌరవంలో మిగిలిపోయిన పేచీ కూడా చెప్పాలి.

దామరచర్ల మండలంలో లంబాడా తండాలు ఎక్కువ. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూలు తెగల జాబితాలో చేరారు. కాని నల్లగొండ జిల్లా షెడ్యూలు ప్రాంతం కాదు. ఏజెన్సీలో గిరిజనుల భూమిని కాపాడే 1/70 రెగ్యులేషను ఇక్కడ వర్తించదు. ఇక్కడ తండావాడికి ఉన్న కంచె ఒక్కటే. భూమి లేని పేదలకు సర్కారు ఇచ్చిన లావణి పట్టా భూములను అమ్మరాదు, కొనరాదు అనే 1977 నాటి 9వ చట్టం. కొన్నవాడి నుంచి తీసి అసలు పేదవాడికో సర్కారుకో అప్పగించవచ్చు. ఈ చట్టాన్ని ఆయన మా చేత కంఠతా పట్టించాడు. లాభం కోసం కాదు, భయం కోసం అనేవాడు.

ఆ భయానికి పరీక్ష 2014 చివర వచ్చింది. వీర్లపాలెం దగ్గర పెద్ద థర్మల్ కేంద్రం కడతారన్న మాట బయటపడింది. 2015 జూన్ 8న ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు శంకుస్థాపన చేశారు. ఎనిమిది వందల మెగావాట్ల యూనిట్లు అయిదు, మొత్తం నాలుగు వేల మెగావాట్లు. ప్రాజెక్టుకు తీసుకొన్నదాంట్లో అధికభాగం అడవి భూమి. అయినా దామరచర్ల రోడ్డు మీద కార్లు బారులు తీరినవి. క్వార్టర్లు వస్తాయి, టౌన్‌షిప్ వస్తుంది, ఎకరాలు గజాలవుతాయి అని పుకార్లు. ఉదయం చెప్పిన ధర సాయంత్రానికి ఉండేది కాదు. ఒక మహానగరపు బృందం పెద్దాయన దగ్గరకు వచ్చి, తండాల లావణి భూములను అగ్రిమెంటు మీద పోగుచేసి పెట్టమన్నది. చట్టం ఎప్పుడో సడలుతుంది, అప్పటిదాకా బయానా ఇచ్చి కబ్జాలో ఉంటే చాలునని వారి లెక్క. ఆయన మాట మీద తండాలు అమ్ముతాయని వారికి తెలుసు.

ఆయన వారికి మజ్జిగ ఇచ్చి పంపాడు. ఆ వారంలోనే తండాలకు వెళ్ళి, చెట్టు క్రింద కూర్చుని, 9/77లో ఏమున్నదో వారి భాషలో చెప్పాడు. లంబాడీ మాట ఆయనకు బాగానే వచ్చు. “బయానా తీసుకుంటే పైసలూ తింటరు, భూమీ పోతది బిడ్డా, రెండూ ఉండయ్” అన్నాడు. నేను ఆ రోజు పక్కనే ఉన్నాను. తండావారందరూ సంతోషించలేదు. కూతురి పెండ్లి ఉన్నవాడికి, ఆసుపత్రి అప్పు ఉన్నవాడికి బయానా అంటే దేవుడు పంపిన డబ్బు. అది వద్దని చెప్పినవాడు శత్రువులా కనబడ్డాడు. ఆయన శిష్యుల్లో కొందరు ఆ బృందంతో చేతులు కలిపి, ముసలాయనకు మతి చలించిందని మిర్యాలగూడ హోటళ్ళలో చెప్పుకొన్నారు. ఆయన ఇంటి అరుగు మీద జనం తగ్గారు.

తరువాత జరిగినది తెలిసినదే. కేంద్రం కట్టడం సాగింది, ఆలస్యమయింది. 2022లో హరిత ట్రైబ్యునల్ పర్యావరణ అనుమతిని తాత్కాలికంగా ఆపింది. మొదటగా సిద్ధమైన యూనిట్ 2024 డిసెంబరులో ప్రారంభమయింది. పదేళ్ళపాటు వడ్డీకి తెచ్చిన డబ్బును మట్టిలో పెట్టి కూర్చోగలిగినవాడికి ఏమి మిగిలిందో నేను లెక్క కట్టలేను. ఆయన అరుగు మీదికి మళ్ళీ వచ్చినవారిని మాత్రం చూశాను. ఎందుకు పోయారని ఆయన అడగలేదు.

పేచీ ఏమిటంటే, ఆయన కూడా కరువు యేళ్ళలో పట్టా భూములు కొన్నాడు. బోర్లు ఎండిపోయి అమ్ముకొనేవారి దగ్గరే కొన్నాడు. కొనే ముందు మిర్యాలగూడలో ఆ భూమికి ఎంత పలుకుతుందో అమ్మేవాడికి తానే చెప్పేవాడు, మరొకరికి చూపించుకొని రమ్మని వారం గడువిచ్చేవాడు. వ్యాపారంలో ఇంతకన్న మర్యాద నేను చూడలేదు. అయినా గడువు అనేది ఆగగలిగినవాడికే పనికి వస్తుంది. అప్పులవాడు గుమ్మంలో కూర్చున్న రైతుకు వారం గడువు ఎందుకు? ఈ మాట ఒకసారి ఆయనతోనే అన్నాను. చాలాసేపు పొడుము డబ్బీ మూత తిప్పుతూ ఉండి, తాను కొనకపోతే ఇంకొకడు ఇంకా తక్కువకు కొంటాడని అన్నాడు. వెంటనే, దొరలు కూడా ఇదే మాట అనేవారని తానే చేర్చాడు. నాకు తృప్తి కలగలేదు, ఆయనకూ కలగలేదనుకొంటాను.

1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీలను రద్దు చేసినప్పుడు ఊరి లెక్కలు పట్వారీ ఇంటి అటక నుంచి దిగినవి గదా అని సంతోషించిన మనిషి, 2020 సెప్టెంబరులో వీఆర్వోలను తీసివేసినప్పుడు సంతోషించలేదు. అదే యేడు అక్టోబరు 29న ధరణి వచ్చింది. మనుమరాలి సెల్‌ఫోనులో తన సర్వే నెంబరు తీయించుకొని చూశాడు. పట్టాదారు గడి ఉన్నది. అనుభవదారు గడి లేదు. “ఖాస్రాల ఉన్న గడి గిండ్ల లేదేంది?” అని రెండు మూడుసార్లు అడిగాడు. కంప్యూటరు తప్పేమో అనుకొన్నాడు. తప్పు కాదు, విధానమే అది అని నేను చెప్పినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. అరవై అయిదేళ్ళ క్రితం ఒక పోరాటం తరువాత సర్కారు ఒప్పుకొన్న సంగతిని ఒక తెర మీద నుంచి తీసివేశారు, ఎవరూ పొలంలోకి వెళ్ళి అడగలేదు. సాదాబైనామాలవారు ఆ యేడు లక్షల దరఖాస్తులు పెట్టారు, హైకోర్టు ఉత్తర్వుతో అవి ఆగిపోయినవి. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. దాని నిబంధనలను కూడా భూతద్దంతో చదవడం మొదలుపెట్టాడు.

చివరి నెలల్లో ఆయన బల్ల మీద ఉన్న కట్ట ఒక క్యాంపు పక్కన కౌలు చేసుకొంటున్న కుటుంబానిది. వాళ్ళ తాత పేరు ఖాస్రాలో రక్షిత కౌలుదారుగా ఉన్నదో లేదో తేల్చమని వచ్చారు. నకలులో సిరా చెదిరి ఆ పేరులో రెండు అక్షరాలు మాత్రమే మిగిలినవి. వసూల్‌బాకీ నకలు కోసం నల్లగొండకు దరఖాస్తు పెట్టించాడు. ఆ నకలు ఆయన పోయిన తరువాత వచ్చింది. ఉర్దూలో ఉన్నది. చదివేవారి కోసం ఆ కుటుంబం ఇప్పుడు హైదరాబాదు పాతబస్తీలో వాకబు చేస్తున్నది.